పాఠకుల ప్రశ్నలు: గాలం వేసే ఒడ్డు ఎందుకు కూలుతోంది?

ప్రశ్న: ఏటా ఏప్రిల్‌లో నలుగురం స్నేహితులం హిమాచల్‌లోని తీర్థన్ నదికి ట్రౌట్ గాలానికి వెళ్తాం. మేం నిలబడే గులకరాళ్ల ఒడ్డు ఏటికేడు తరిగిపోతోంది. పెద్ద రాళ్లు నాలుగు అడ్డం పేర్చి కాపాడదామంటే అక్కడి గైడు వద్దన్నాడు. కారణం ఏమై ఉంటుంది?
(మెహదీపట్నం, హైదరాబాద్)

జవాబు: గైడు మంచి మాటే చెప్పాడండీ. మీరు ఒడ్డు అంటున్నది అసలు ఒడ్డో, నది మేట వేసిన గులకతిన్నెయో ముందు చూసుకోండి. గడ్డి, మట్టి లేకుండా ఉత్త గుండ్రాళ్లే ఉంటే అది తిన్నె. వరదకు ఒకచోట కరిగి, కింది వంపులో మళ్లీ పోగవుతుంది. 2023 జులైలో కులూ జిల్లాను ముంచెత్తినలాంటి వరద వస్తే ఒక్క రాత్రిలో తిన్నెలన్నీ చోటు మారతాయి. దానికి రాళ్లు అడ్డం పెడితే ప్రవాహం ఎదుటి ఒడ్డు మీదికి మళ్లి, అక్కడి మట్టిని కోస్తుంది.

ఆ కదిలే గులకే ట్రౌట్‌కి పురిటిల్లు. తీర్థన్‌లో ఉన్న బ్రౌన్ ట్రౌట్ చలికాలంలో గుడ్లు పెడుతుంది. ఆడచేప పక్కకు ఒరిగి తోకతో గులకను తవ్వి, గుంటలో గుడ్లు పెట్టి, పైనుంచి మళ్లీ గులక కప్పుతుంది. ఉసిరికాయంత రాళ్లు దానికి అనువు. రాళ్ల సందుల్లోంచి చల్లని నీరు పారుతూ ఉంటేనే గుడ్లకు ప్రాణవాయువు అందుతుంది. ఒడ్డు మట్టి విరిగి నీళ్లలో పడితే సన్నని ఒండ్రు ఆ సందులన్నీ పూడ్చేస్తుంది, గుడ్లు లోపలే ఊపిరాడక చస్తాయి. ఒడ్డు కోతతో చేపకు కలిగే అసలు నష్టం ఇదే.

5 డిగ్రీల నీటిలో గుడ్డు పిల్ల కావడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. పిల్ల కూడా పొట్టకింది సొనసంచి కరిగేదాకా ఇంకొన్ని వారాలు రాళ్ల కిందే ఉంటుంది. హిమాచల్‌లో ట్రౌట్ వేటపై నిషేధం నవంబరు 1 నుంచి ఫిబ్రవరి ఆఖరుదాకా. కానీ మార్చిలోనూ, నీళ్లు బాగా చల్లగా ఉంటే ఏప్రిల్ మొదట్లోనూ, గులకలో పిల్లలు ఉండవచ్చు. చుట్టూ రాళ్లు పాచిపట్టి నల్లగా ఉండగా, మధ్యలో మూడడుగుల పొడవున కడిగినట్టు తెల్లగా ఒక మచ్చ, దాని ఎగువన చిన్న గుంట, దిగువన దిబ్బ కనిపిస్తే అది గూడు. దాంట్లో కాలు పెట్టకండి. ఒక్క బూటు అడుగుకే కింద ఉన్న గుడ్లు, పిల్లలు చాలా నలిగిపోవచ్చు.

మీరు చేయగలిగింది కూడా ఉంది. నలుగురూ ఒకే దారిన నీళ్లలోకి దిగండి, అదీ రాతి నేల ఉన్నచోట. గడ్డి ఒడ్డు అంచున కూర్చోకండి. పొయ్యికోసమో కూర్చోవడానికో నదిలోని పెద్ద రాళ్లు తీయకండి. చేప వాటి చాటునే నిలుస్తుంది.

ప్రశ్న: మా పొలం మంజీర ఒడ్డున ఉంది. ఆదివారం వస్తే హైదరాబాద్ నుంచి గాలాలవాళ్లు బండ్లతో సహా ఒడ్డుదాకా వస్తారు. ఒడ్డు ఐదడుగుల ఎత్తు. పైన నల్లమట్టి, కింద గులక, ఇసుక. రెండేళ్లలో మూడడుగులు లోపలికి తిన్నది. సిమెంటు గోడ కట్టించమంటారా?
(సంగారెడ్డి జిల్లా)

జవాబు: గోడ వద్దండీ. ఒడ్డులో ఇంకిన నీరు గోడ వెనక నిలిచి దాన్ని ముందుకు తోస్తుంది, ప్రవాహం గోడ అడుగును తవ్వుతుంది. కొన్ని వానాకాలాల్లోనే గోడ పగిలి ఒరిగిపోవచ్చు.

మీ ఒడ్డు పైనుంచి కాదు, కాళ్లకింద నుంచి పోతోంది. గులక, ఇసుకలకు జిగురు లేదు, నీరు వాటిని లాక్కుపోతుంది. పైనున్న నల్లమట్టి కొన్నాళ్లు చూరులా నిలబడి, తర్వాత పెళ్లలుగా విరుగుతుంది. ఎగువన డ్యాం గేట్లు మూసినప్పుడు ఇంకో దెబ్బ: నది మట్టం గబగబా దిగుతుంది గానీ, ఒడ్డులో ఇంకిన నీరు అంత వేగంగా బయటికి రాదు. బరువెక్కిన మట్టికి ముందున్న నీటి ఆసరా పోయి జారుతుంది. అంచుకు రెండు మూడడుగుల వెనక, నదికి సమాంతరంగా, వంపు తిరిగిన పగులు కనిపిస్తే ఆ పెళ్ల ఏ క్షణమైనా పడొచ్చు. దాని మీద మనిషిని నిలబడనివ్వకండి, బండిని అసలే రానివ్వకండి.

పని నీళ్లు తగ్గిన ఫిబ్రవరి-మే మధ్య చేయించండి. ముందుగా నీటిపారుదల శాఖ ఏఈని (అసిస్టెంట్ ఇంజినీరును) కలిసి అనుమతి తీసుకోండి. నది హద్దులో అనుమతి లేకుండా మట్టి కదిపితే కేసవుతుంది. మంజీరలో మొసళ్లు ఉన్నాయి కాబట్టి కూలీలను నీళ్లలోకి దింపకుండా ఒడ్డునుంచే పని సాగించాలి.

ముప్ఫై అడుగుల పొడవుకు లెక్క చెప్తాం. ఒడ్డును అడుగు ఎత్తుకు రెండడుగుల చొప్పున వాలుగా చెక్కించండి. ఐదడుగుల ఒడ్డుకు పదడుగుల నేల పోతుంది. మీకు బాధగానే ఉంటుంది, కానీ అది ఎలాగూ నది తీసుకునే నేలే. వాలు అడుగున రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు కందకం తీయించండి. కందకంలోనూ, దాని పైన వాలు మీద నాలుగడుగుల దాకానూ నీటిని వదిలి మట్టిని ఆపే, నేసినది కాని జియోటెక్స్‌టైల్ గుడ్డ పరచాలి. గుడ్డకు గుడ్డ అడుగు మేర ఒకదానిమీద ఒకటి రావాలి, ఎగువ గుడ్డ పైన ఉండాలి. ఇది మానేస్తే రాళ్ల సందుల్లోంచి ఇసుక జారిపోయి రాళ్లు కుంగుతాయి. చేసిన పని పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. రాయి క్వారీ రాయి కావాలి, కోణాలున్నది, ఎనిమిది నుంచి పన్నెండు అంగుళాలది. నది గుండ్రాయి దొర్లిపోతుంది. కందకం నింపి, వాలు మీద అడుగుంపావు మందాన పేర్చండి. రెండు చివర్లా రాళ్లను మూడడుగులు ఒడ్డు లోపలికి మలిపించండి, లేదంటే వరద చివరనుంచి దూరి వెనకనుంచి తవ్వుతుంది. అన్నీ కలిపి దాదాపు 280 ఘనపుటడుగులు, అంటే వంద ఘనపుటడుగులు పట్టే ట్రాలీలు మూడు.

రాళ్ల పైవాలుకు వట్టివేరు. జూన్‌లో రెండు మంచి వానలు పడ్డాక, అడుగుకు రెండు కుదుళ్ల చొప్పున మూడు వరసలు నాటండి. కుదురుకు రెండు మూడు పిలకలు, అంటే ఐదువందల దాకా పిలకలు కావాలి. వరసలు ఒడ్డు పొడవునా అడ్డంగా సాగాలి, పైనుంచి కిందికి కాదు. మధ్య జాగాలో గరిక, పై అంచున వావిలి కొమ్మలు. ఇప్పటికే ఒడ్డున కానుగలుంటే కొట్టకండి, బరువైన కొమ్మలు నరికితే చాలు.

ఇక గాలాలవాళ్లు. రావద్దంటే ఆగరు. నాలుగడుగుల వెడల్పున ఒక్కచోట రాతి మెట్లు పెట్టించి, మిగతా ఒడ్డంతా రెండు వానాకాలాలు ముళ్లకంప వేయండి. బండ్లను యాభై అడుగుల వెనకే ఆపేలా అడ్డం కట్టండి. వేరు పట్టేలోపు తొక్కితే వట్టివేరు కూడా బతకదు.

ప్రశ్న: మా కాలనీ చెరువు ఒడ్డు కోస్తోందని కొందరు, లేదని కొందరు. తేల్చేదెలా?
(ఉప్పల్, హైదరాబాద్)

జవాబు: మూడడుగుల ఇనుప చువ్వలు, 12 మి.మీ.వి, తీసుకోండి. ఒడ్డు గోడలోకి అడ్డంగా దిగగొట్టి రెండంగుళాలు బయట ఉంచండి. ఒక్కో చోట మూడు: నీటికి అడుగు పైన ఒకటి, నడిమిన ఒకటి, పై అంచుకు అడుగు కింద ఒకటి. ఇలా పదిహేను అడుగులకు ఒక చోటు. కొనలకు ఎర్ర రంగు వేసి పిల్లలకు తగలకుండా గుడ్డ చుట్టండి. మే ఆఖర్లో ఒకసారి, ప్రతి పెద్దవాన తర్వాత, అక్టోబరు చివర మళ్లీ బయట ఉన్న పొడవు కొలిచి రాసుకోండి. కింది చువ్వ ఎక్కువ బయటపడితే అలల కోత. పై చువ్వ ఎక్కువ బయటపడితే మనుషులో పశువులో తొక్కుతున్నట్టు. చువ్వలే ఊడి పడిపోతే పెళ్ల జారినట్టు, ఆ తేదీన తూము తెరిచారా, అలుగు పారిందా అన్నది పక్కన రాసి పెట్టండి.