ఎలక్ట్రిక్ డ్రాగ్ కారు కడతారా? ముందు దాన్ని ఆపడం నేర్చుకోండి

ప్రశ్న: ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. నలుగురం స్నేహితులం కలిసి పాత పెట్రోల్ కారుకు మోటారు, బ్యాటరీ బిగించి డ్రాగ్ రేసులో (కొద్ది దూరం తిన్నగా దూసుకెళ్లే పోటీలో) దింపాలనుకుంటున్నాం. రూల్‌బుక్ తెరిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో అర్థం కావడం లేదు. అసలు ఈ పని నేర్చుకుంటే ఉద్యోగాలు వస్తాయా?

జవాబు: మీ రెండో ప్రశ్న ముందు చూద్దాం. కేవలం డ్రాగ్ రేసింగ్ మీదే బతికే ఉద్యోగాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కానీ ఆ రూల్‌బుక్ అడిగే పని వేరే చోట్ల కూడా కావాలి. 400 వోల్టుల సర్క్యూట్‌ను మనిషి కూర్చునే బండిలో పెట్టి, అవసరమైన క్షణంలో దాన్ని చంపగలగడమే ఆ పని. బ్యాటరీ ప్యాక్ విభాగాలు, టెస్టింగ్ ల్యాబ్‌లు, ఫాస్ట్ చార్జర్ తయారీదారులు వెతికేది ఇది తెలిసినవాళ్లనే. వేగం గురించి బెంగ వద్దు. 2020లోనే స్టీవ్ హఫ్ ఎలక్ట్రిక్ డ్రాగ్‌స్టర్‌ను గంటకు 200 మైళ్లు దాటించారు. తనిఖీ అధికారి మిమ్మల్ని హార్స్‌పవర్ అడగడు, "ఇది ఎలా ఆగుతుంది?" అని అడుగుతాడు.

రూల్‌బుక్‌లో సగం పెట్రోల్ కారుకూ ఉన్నదే. అమెరికాలోని నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ లెక్కలో క్వార్టర్ మైలు, అంటే 402 మీటర్లు, 13.99 సెకన్లు లేదా అంతకన్నా తక్కువలో దాటితే హెల్మెట్ తప్పనిసరి. 11.49కి వస్తే రోల్ బార్ (కారు బోల్తాపడితే డ్రైవర్‌ను కాపాడే ఉక్కు కమ్మీ) ఉండాలి. 9.99కి వస్తే చాసిస్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. కొత్త మోడల్ ఫ్యాక్టరీ కార్లకు కొంత సడలింపు ఉంది గానీ, పాత బాడీని మార్చుకునే మీకు అది దక్కదు. కొత్త జట్లు ఇక్కడే దెబ్బతింటాయి. మోటారు సున్నా వేగం నుంచే పూర్తి టార్క్ ఇస్తుంది కాబట్టి, 12 సెకన్లు వస్తుందనుకున్న కారు 11.3కి వచ్చేస్తుంది. రోల్ బార్ లేదని అదే రోజు ఇంటికి పంపేస్తారు. లెక్క కన్నా ఒక మెట్టు పై భద్రతకే కట్టుకోండి.

ఇక విద్యుత్ సగం. 96 లిథియం సెల్స్ వరసగా కలిపితే కాగితం మీద సుమారు 350 వోల్టులు, ఫుల్ చార్జ్‌లో 403. ఫ్యూజు, కాంటాక్టర్ (పెద్ద కరెంటును కలిపే, తెంచే విద్యుత్ స్విచ్), కేబుల్ అన్నీ ఆ పెద్ద అంకెకు, అదీ డీసీ రేటింగ్‌తో ఉండాలి. ఏసీ కరెంటు సెకనుకు ఎన్నోసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి ఆర్క్ (సర్క్యూట్ తెగిన చోట గాలిలో దూకే నిప్పు) తనంతట ఆరుతుంది. డీసీలో ఆ అవకాశం లేదు, కాలిపోయిన ఫ్యూజులోనే నిప్పు నిలబడిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ సమయం ప్రీచార్జ్ మీద పెట్టండి. ఇన్వర్టర్‌లో (బ్యాటరీ డీసీని మోటారుకు ఏసీగా మార్చే పెట్టెలో) 500 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉందనుకుందాం. అది ఖాళీగా ఉండగా మెయిన్ కాంటాక్టర్ వేస్తే వేల ఆంపియర్లు ఒక్కసారిగా దూకి, కాంటాక్టులు వెల్డ్ అయిపోతాయి. అప్పటినుంచి ఎమర్జెన్సీ స్విచ్ నొక్కినా కరెంటు ఆగదు, ఆ సంగతి బయటికి కనబడదు కూడా. అందుకే ముందు 500 ఓముల రెసిస్టర్ గుండా నింపాలి. మొదటి క్షణంలో 0.8 ఆంపియర్, 320 వాట్లు. టైమ్ కాన్‌స్టంట్ (ఓములను ఫారడ్‌లతో గుణిస్తే వచ్చే సమయం) పావు సెకను. అయిదు రెట్లు, అంటే 1.25 సెకన్లు ఆగి, వోల్టేజ్ నిండిందని కొలిచాకే మెయిన్ కాంటాక్టర్ వేయాలి. టైమర్‌ను మాత్రమే నమ్మి కొలవడం వదిలేస్తే, రెసిస్టర్ కాలిపోయిన రోజున టైమర్ ఏమీ తెలియనట్టే సరే అంటుంది.

ఆపేటప్పుడు అదే లెక్క తిరగబడుతుంది, నిండిన కెపాసిటర్‌ను ఖాళీ చేయాలి. ఫార్ములా స్టూడెంట్ (విద్యార్థులే కారు కట్టి దింపే పోటీ) నిబంధన ప్రకారం, షట్‌డౌన్ అయిన 5 సెకన్లలోపు వోల్టేజ్ 60 కిందికి రావాలి. 10 కిలోఓముల రెసిస్టర్ పెడితే 400 నుంచి 60కి చేరడానికి సుమారు 9.5 సెకన్లు, అంటే ఫెయిల్. 4.7 కిలోఓములైతే 4.5 సెకన్లలో దిగుతుంది. కానీ అది ఎప్పుడూ కలిసే ఉంటే 34 వాట్లు వృథాగా కాలుతూ ఉంటుంది. కాబట్టి కరెంటు పోయినప్పుడే తనంతట సర్క్యూట్‌ను కలిపే రిలే ద్వారా పెట్టాలి.

తర్వాత ఇన్సులేషన్. హై వోల్టేజ్ రెండు కొసలూ బాడీకి తగలకుండా తేలుతూ ఉండాలి. వోల్టుకు 500 ఓములు అనే లెక్కన 400 వోల్టులకు కనీసం 2 లక్షల ఓములు రావాలి. ఒక కొస బాడీకి తగిలినా కారు మామూలుగానే నడుస్తుంది, రెండోది తగిలినప్పుడే ప్రాణం తీస్తుంది. గ్రోమెట్ (అంచు కోయకుండా వేసే రబ్బరు రింగు) లేని రంధ్రంలో ఒరుసుకున్న కేబుల్, కారిన కూలెంట్ మామూలు దోషులు. 500 వోల్టుల ఇన్సులేషన్ టెస్టర్ పెట్టేముందు బీఎంఎస్ (బ్యాటరీ సెల్స్‌ను కాపలా కాసే బోర్డు), ఇన్వర్టర్ విప్పేయండి, లేకపోతే పరీక్షే వాటిని చంపుతుంది.

ట్రాక్ మీద ఇంకో చిక్కుంది. బ్రాకెట్ రేసులో మీరు ముందుగా ప్రకటించిన సమయం కన్నా వేగంగా వస్తే బ్రేక్అవుట్, ఓటమే. ఫుల్ చార్జ్‌తో చేసిన రన్, చార్జ్ బాగా దిగాక చేసిన రన్ ఒకటి కావు. చార్జ్ తగ్గేకొద్దీ కారు మందగిస్తుంది. ప్రతి రన్‌కూ చార్జ్, సెల్ ఉష్ణోగ్రత, సమయం రాసిపెట్టుకోండి. ఈ పట్టిక ఇంటర్వ్యూలోనూ పనికొస్తుంది.

మీ విషయంలో నా సలహా: నేరుగా 400 వోల్టులకు వెళ్లొద్దు. 13 సెల్స్ ప్యాక్ ఫుల్ చార్జ్‌లో 54.6 వోల్టులు, 60 లోపే. కాంటాక్టర్, ప్రీచార్జ్, ఎమర్జెన్సీ స్విచ్‌తో అదే సర్క్యూట్‌ను బెంచ్ మీద కట్టండి. షాక్ భయం తక్కువే గానీ, రెంచ్ జారి రెండు కొసల మీద పడితే చెయ్యి కాలిపోతుంది. ఉంగరాలు, గడియారం తీసేయండి. అక్కడ ఎమర్జెన్సీ స్విచ్ వందసార్లు నొక్కి, ప్రతిసారీ ఇన్వర్టర్ వైపు వోల్టేజ్ కొలిచి రాయండి. ఒక్కసారైనా దిగకపోతే కాంటాక్టర్ విప్పి చూడండి.

తర్వాత మెట్టు ఫార్ములా స్టూడెంట్ జట్టు. అక్కడ 600 వోల్టుల పరిమితి ఉంది, 75 మీటర్ల యాక్సిలరేషన్ పరీక్ష ఉంది. ముఖ్యంగా కారు కన్నా ముందు మీ విద్యుత్ వ్యవస్థ పత్రాన్ని పరీక్షకులు చదువుతారు. మీ సింగిల్ లైన్ డయాగ్రామ్, ఆ వంద కొలతల పట్టిక, ఈ పత్రం కలిపి ఒక ఫైల్ చేయండి. ఇంటర్న్‌షిప్ దరఖాస్తులో మార్కుల పక్కన అదే పెట్టండి.