పిలగాని ఎముకలు విరుగుతయ్, పియానో నేర్పియ్యాల్నా?

ప్రశ్న: మా చిన్నోనికి పదకొండేండ్లు సార్, పుట్టినప్పటి సంది ఎముకలు ఊకె విరుగుతయ్, బడికి సగం రోజులు పోనే పోడు, కీబోర్డు ముందట కూసుంటె మాత్రం లేవడు. పియానో నేర్సుకుంట అంటున్నడు, మా ఆయనేమో ఉత్తగ ఆశ పెట్టకు అంటడు. – ఒక తల్లి, హన్మకొండ

జవాబు: నేర్పియ్యమ్మా. ఫ్రాన్స్‌ల 1962ల పుట్టిన మిషెల్ పెట్రుచియానీకి పుట్టుకతోనే ఎముకలు విరిగే రోగం, ఆస్టియోజెనెసిస్ ఇంపర్‌ఫెక్టా అంటరు, మనిషి ఎత్తు మూడడుగులే, పియానో కింద కాలితోని తొక్కే పెడల్‌కు కాళ్లు అందకపోతె దానికి వేరే అమరిక పెట్టించుకొని వాయించిండు, జాజ్ సంగీతంల పెద్ద పేరు తెచ్చుకున్నడు. 36 ఏండ్లకే పోయిండు, అది దాచను. ముందుగాల్ల డాక్టర్‌ను అడుగుండ్రి, రోజుకు ఎంతసేపు కూసోవచ్చో. తేలికగ నొక్కే కీలున్న కీబోర్డే ఇప్పటికి సాలు, బరువు కీలది తర్వాత సూడొచ్చు. మీ ఆయనను ఒక్క పూట పక్కన కూసోబెట్టి వినిపియ్యుండ్రి.