సమాధి రాయి మీద ‘బస్రా 1917’ అని ఉంటే ఆ సిపాయి వివరాలు ఎట్లా వెతకాలి?

ప్రొద్దుటూరు దగ్గర మీ ముత్తాత సమాధి మీద ఆయన పేరు కింద తమ్ముడి పేరు కూడా చెక్కి ‘బస్రా 1917’ అని రాసుందనీ, ఆ తమ్ముడు సిపాయి అన్న మాట తప్ప ఇంట్లో ఎవరికీ ఏమీ తెలీదనీ రాశారు. మా ఇంట్లోనూ అచ్చం ఇదే కథ. జమ్మలమడుగు వైపు సమాధుల దొడ్డిలో మా జేజినాయన రాయి అడుగున వాళ్ళన్న పేరు, ‘మెసొపొటేమియాలో ప్రభువునందు నిద్రించెను’ అని ఒక్క వరస, అంతే. మెసొపొటేమియా అంటే ఇప్పటి ఇరాక్, బస్రా అక్కడి రేవు ఊరు.

ఆ రాయి కింద ఆ సిపాయి లేరనే అనుకోండి. ఆ మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ళను పోయిన చోటే పూడ్చారు లేదా కాల్చారు, ఇంటికి పంపలేదు. కబురు అందాక ఎప్పుడో ఇంటివాళ్ళు పేరు చెక్కించి ఉంటారు కాబట్టి, ఆ 1917 ఆయన పోయిన ఏడు కావచ్చు, కబురు వచ్చిన ఏడూ కావచ్చు. అటొక ఏడాది ఇటొక ఏడాది కలిపి వెతకండి.

రాయిని మళ్ళీ ఒకసారి చదవండి. మన పక్క ఎక్కువగా కడప బండే కదా, అది సున్నపురాయి జాతి, యాసిడ్ పోస్తే అక్షరాలనే తినేస్తుంది, ఇనప బ్రష్షుతో రుద్దితే పొరలు లేస్తాయి. ఆ రెండు పనులూ దయచేసి చేయొద్దు. చీకటి పడ్డాక టార్చిని రాతి అంచుకు ఆనించి పక్కనుంచి వెలుగు పారించి ఫొటోలు తీయండి. మా రాతి మీద ఏళ్ళ తరబడి సున్నం కొట్టి కొట్టి గుంతలన్నీ పూడిపోయాయి, పేరు పక్కన గీతలు పడ్డాయని అందరం అనుకున్నవి ఆ వెలుగులో అంకెలుగా తేలాయి. అది ఆయన సర్వీస్ నంబరు.

అసలు దారి చూపేది ఆ నంబరే. రాతి మీద లేకపోతే పాత ట్రంకు పెట్టెలు, మేనత్తల ఇళ్ళు, దేవుడి గూళ్ళు వెతికించండి. మొదటి యుద్ధం మెడల్ అంచు మీద నంబరు, హోదా, పేరు, దళం పొడిచి ఉంటాయి. మా మేనత్త దగ్గర దొరికింది వెండిది కాదు, కంచుది. అంచు తిప్పి చూస్తే రాతి మీది నంబరే, దాని పక్కన పోర్టర్ అని. పోరాడే దళాలకు వెండి, కూలి దళాలకు కంచు ఇచ్చారు. ఇంట్లో అందరూ తుపాకీ పట్టిన సిపాయి అనుకున్న మనిషి మూటలు మోసిన మనిషి. నాకైతే గౌరవం ఇంకా పెరిగింది. 1914 నవంబరులో బ్రిటిష్ సైన్యం బస్రా పట్టుకున్నప్పటి నుంచి 1917 మార్చిలో బాగ్దాద్ చేరేదాకా ఆ సైన్యం తిన్న ప్రతి గింజా ఎవరో ఒకరు ఓడలోంచి దించి మోసిందే, ఆ ఎండకూ కలరాకూ ఎంతమంది పోయారో.

నంబరు దొరికాక కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ (యుద్ధంలో పోయినవాళ్ళ సమాధులు, స్మారకాలు చూసుకునే సంస్థ) వెబ్‌సైట్‌లో వెతకండి, ఉచితమే. 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 దాకా పోయినవాళ్ళు ఆ లెక్కలోకి వస్తారు. ఇంటిపేరుతో వెతికితే మనవాళ్ళు దాదాపు దొరకరు, ఒంటి పేరు, తండ్రి పేరు, ఊరు, అంతే రాసుకున్నారు. ఎల్లప్ప అయితే వై తోనూ ఈ తోనూ రెండు రకాలుగా కొట్టి చూడండి, కడపకు పాత స్పెల్లింగ్ ‘కుడ్డపా’ వాడండి. జిల్లాలు కూడా అప్పటి లెక్కనే చూడాలి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం 1953 దాకా బళ్ళారి జిల్లా. మార్కాపురం, కంభం, గిద్దలూరు 1970 దాకా కర్నూలు. మదనపల్లె 1911కు ముందు కడప, అప్పుడు చేరినవాడి పాత కాగితాల్లో కడప అనే ఉండొచ్చు.

ఒకవేళ అక్కడ పేరు దొరక్కపోతే ఆయన వెళ్ళలేదని అనుకోవద్దు. బస్రా స్మారకం మీద మన ఆఫీసర్ల పేర్లు చెక్కి మామూలు సిపాయిలను దళానికి ఇంతమంది అని లెక్కగా వదిలేశారు. కనీసం 1,16,000 మందికి, ఎక్కువగా తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు వాళ్ళకు, పేరుతో స్మారకమే లేకపోయిందని ఆ కమిషనే 2021లో తన రిపోర్టులో ఒప్పుకుంది. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అయితే సర్వీసులో ఉన్నట్టూ, ఆ తేదీల మధ్య పోయినట్టూ ఆధారం చూపిస్తే కొత్తగా పేరు చేర్చమని వాళ్ళకే అర్జీ పెట్టుకోవచ్చు. సమాధి ఫొటో ఒక్కటే సరిపోదు గానీ, మెడల్, పాత పెన్షన్ కాగితం, చర్చి రిజిస్టరులో ఎంట్రీ, ఇట్లాంటివి జత చేస్తే బలం వస్తుంది.

మెడల్ మీద సాపర్స్ అండ్ మైనర్స్ (దారులు, వంతెనలు కట్టే సైనిక దళం) అని ఉంటే మద్రాస్ సాపర్లు అయ్యుండొచ్చు, వాళ్ళ కేంద్రం ఇప్పటికీ బెంగళూరులోనే ఉంది, నంబరు వేసి ఉత్తరం రాయండి. కడపలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది, ఎవరికి ఎట్లా రాయాలో అక్కడ అడగండి. మీవాళ్ళూ చర్చికి వెళ్ళేవాళ్ళే అయితే బాప్తిస్మం రిజిస్టరు తప్పకుండా చూడండి, సైన్యంలో ఒక పేరు, చర్చిలో ఒక పేరు ఉన్నవాళ్ళు చాలామంది.

టార్చి వెలుగులో తీసిన ఫొటోలు ఇక్కడ పెట్టండి, పేరు కింద భాగం కాస్త దగ్గరగా తీయండి. అంకెలు కనబడితే కూర్చుని చదువుదాం.