బిల్లు పోయినా మిక్సీ వాపస్ చేసుడెట్ల

అక్కా, ఫికర్ పడకు. హన్మకొండ చౌరస్తాల వారం కింద కొన్న మిక్సీ మూడో రోజుకే కాలిన వాసన కొడ్తుంది, బిల్లు లేకుంటే ముట్టనంటుండు షాపాయన అని రాసినవ్ గదా. పైసలు ఫోన్‌పేల కొట్టిన అన్నవ్, అదే నీకు పెద్ద ఆధారం. యాప్‌ల హిస్టరీ తెరిచి ఆ రోజుది పట్టు, షాపు పేరు, తారీకు, టైము, యూటీఆర్ నంబర్ (పైసలు పోయినట్టు బ్యాంకు ఇచ్చే నంబర్) అన్నీ ఉంటయి, స్క్రీన్‌షాట్ తీసుకో. మిక్సీ అడుగున స్టిక్కర్ మీద సీరియల్ నంబర్ ఉంటది, అది గూడ ఫొటో తియ్యి, డబ్బా, వారంటీ కార్డు పారెయ్యకు.

మొన్న మా అమ్మ కుక్కర్‌కి గిట్లనే అయింది, పొద్దుగాల గిరాకీ లేనప్పుడు పోయి మెల్లగ అడిగినం, షాపాయన మా ఫోన్ నంబర్ కొట్టి కంప్యూటర్ల బిల్లు తీసిండు. నువ్వు బిల్లింగ్‌ల నంబర్ చెప్పి ఉంటే ముందు గదే అడుగు.

అయినా వినకపోతే 1915కి కొట్టు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగుల మాట్లాడొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఖరాబైన సామాన్ బిల్లుల రాసిన గడువుల, గడువు రాయకుంటే 30 రోజుల్ల వాపస్ తీసుకోకపోవుడు తప్పే, అసలు బిల్లే ఇయ్యకపోవుడు గూడ తప్పే. వినియోగదారుల కమిషన్ (ఫిర్యాదులు విని తీర్పు చెప్పే కోర్టు లాంటిది) దాక పోయినా 5 లక్షల లోపు సామాన్‌కి ఫీజు లేదు. కానీ రంగు నచ్చలేదు, సైజు చాల్లేదు అంటే మాత్రం ఈ రూల్ పన్జెయ్యది, అది షాపాయన ఇష్టం.

అప్పటిదాక ఆ మిక్సీ ప్లగ్గుల పెట్టకు అక్కా, మోటర్ కాలితే నువ్వే ఖరాబు చేసినవంటరు.