కొత్త కార్పొరేటర్‌కి: పోలీసులతో ఎలా మెలగాలి

తల్లీ,

గెలిచిన దగ్గర్నుంచి నీ ఫోన్ ఆగడం లేదని విన్నాను. అందులో సగం "సీఐ గారికి ఒక్క మాట చెప్పండమ్మా" అనే కాల్సే అయి ఉంటాయి. డ్రైనేజీ గురించి అడిగితే ఏం చెప్పాలో నీకు తెలుసు, పోలీసుల విషయంలోనే కొత్తవాళ్ళు తడబడతారు, అందుకే ఈ ఉత్తరమంతా దాని గురించే.

పోలీసు శాఖ నీ చేతిలో లేదు, మేయర్ చేతిలోనూ లేదు. రాజ్యాంగం ప్రకారం అది రాష్ట్ర ప్రభుత్వానిది. 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూల్లో మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ 18 పనుల జాబితా ఉంది, అందులో పోలీసుల ఊసే లేదు. కాబట్టి నేనుండగా వార్డులో దొంగతనం జరగదు లాంటి మాటలు ప్రచారంతోనే వదిలెయ్యి. అయితే అదే జాబితాలో వీధి దీపాలు ఉన్నాయి, పార్కింగ్, బస్టాపులు, పబ్లిక్ టాయిలెట్లు ఉన్నాయి. చీకటి పడ్డాక ఆడపిల్ల ఫలానా సందులోంచి రావడానికి భయపడుతోందంటే, ఆ భయంలో పోలీసుల వాటా ఎంతో మన వాటా కూడా అంతే ఉంటుంది.

అందుకని నీ మొదటి పని స్టేషన్‌లో కాదు, రోడ్డు మీద. రాత్రి పూట వార్డంతా నడువు, కారులో కాదు. వెలగని స్తంభాలు, వెలుగుతున్నా చెట్టు కొమ్మలు కమ్మేసినవి, గోడ కూలిన ఖాళీ స్థలాలు, మందు తాగేవాళ్ళు చేరే మూలలు, స్తంభం నంబరుతో సహా రాసుకో. వార్డులో ఆడవాళ్ళని నలుగురిని వెంట తీసుకెళ్ళు, ఏ మలుపు దగ్గర అడుగు వేగం పెరుగుతుందో వాళ్ళే చూపిస్తారు, ఇది ఏ ఇంజనీరూ చెప్పలేడు. ఆ లిస్టు పట్టుకుని సీఐని కలువు. శాలువా అక్కర్లేదు. మీకు రాత్రి కాల్స్ ఎక్కువగా ఎక్కడి నుంచి వస్తున్నాయని అడుగు, ఆయన చెప్పినవీ నీ లిస్టులోవీ ఒకటే అయిన చోట ముందు లైట్లు వేయించు. ఆ తర్వాత పెట్రోలింగ్ అడిగితే ఆయన కాదనలేడు.

సీసీ కెమెరాల కోసం కాలనీ అసోసియేషన్లు బాగా ఒత్తిడి చేస్తాయి. పెట్టించు, వద్దనను. కాకపోతే రిబ్బన్ కత్తిరించిన రోజున అన్నీ పనిచేస్తాయి, ఆ తర్వాత కరెంటు ఎవరిస్తారో, చెడిపోతే ఎవరు బాగుచేయిస్తారో, ఫుటేజ్ ఎన్ని రోజులు ఉంచాలో, ఎవరెవరు చూడొచ్చో కాగితం మీద లేకపోతే అవి స్తంభానికి అలంకారమే. ఫుటేజ్ మాత్రం నీ ఆఫీసులో పెట్టుకోకు, ఎవరింటికి ఎవరొచ్చారని అడిగేవాళ్ళు నీ గుమ్మం ముందు క్యూ కడతారు.

ఇక పైరవీలు. ఎవరైనా దెబ్బలు తిని వస్తే, సొత్తు పోయి వస్తే, కంప్లయింట్ తీసుకోవడం లేదంటే, తప్పకుండా వాళ్ళతో స్టేషన్‌కి వెళ్ళు. కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగలిగే నేరం, జరిగినట్టు సమాచారం ఉంటే ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి కేసులో చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ కూడా చదివి పెట్టుకో: నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో రాయొచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళొచ్చు. పోలీస్ కమిషనరేట్ ఉన్న సిటీల్లో ఎస్పీ బదులు డీసీపీ ఉంటారు. ఈ వరుస నీకు నోటికొచ్చి ఉంటే గొంతు పెంచాల్సిన అవసరం రాదు.

వెళ్ళకూడనిది మనవాడిని వదిలేయమని. ఒకసారి విడిపించావంటే ఆ సంగతి సాయంత్రానికి వార్డంతా తెలుస్తుంది, రేపు వాడు కొట్టినవాడి తల్లి నీ ముఖం కూడా చూడదు, పైగా సీఐకి నువ్వు బాకీ పడతావు. అలాగని లోపల కొడుతున్నారని తెలిస్తే ఊరుకోమని కాదు. అరెస్టు చేసినవాళ్ళని 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి, ఆడవాళ్ళని, అరవై దాటినవాళ్ళని విచారణ పేరుతో స్టేషన్‌కి రమ్మనకూడదు, వాళ్ళ ఇంటి దగ్గరే అడగాలి. స్టేషన్లలో కెమెరాలు ఉండాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లో ఆదేశించింది కూడా. వీటి గురించి రాతపూర్వకంగా అడుగు, ఫోన్‌లో కాదు.

ఇంకోటి, మీ ఆయన్ని స్టేషన్‌కి పంపకు. రెండు రాష్ట్రాల్లోనూ సగం సీట్లు ఆడవాళ్ళకి ఇచ్చింది ఆయన వెళ్ళి సీఐ ఎదురుగా కుర్చీలో కూర్చోవడానికి కాదు. ఆయన మంచివాడే, నాకు తెలుసు, అయినా సరే.

బయటి నుంచి వచ్చి అద్దెకుంటున్న కూలీల వల్లే దొంగతనాలు పెరిగాయని, పంపించెయ్యమని కొందరు వస్తారు. ఏ దొంగతనం, ఏ రోజు, కంప్లయింట్ ఇచ్చారా అని అడుగు, చాలాసార్లు జవాబు ఉండదు. కార్డన్ సెర్చ్‌ల గురించి, అంటే పోలీసులు ఒక ఏరియాని చుట్టుముట్టి ఇల్లిల్లూ వెతకడం గురించి, నా అభిప్రాయం అడిగితే, ఎప్పుడు చూసినా బస్తీల్లోనే తప్ప అపార్ట్‌మెంట్లలో జరగని సోదా నాకు నచ్చదు. బండి కాగితాలు లేనివాళ్ళు రెండు చోట్లా ఉంటారు. బస్తీవాళ్ళూ నీ ఓటర్లే, ఆ మాట సీఐకి మర్యాదగానే చెప్పొచ్చు.

మొగుడు కొట్టాడని అర్ధరాత్రి ఫోన్ వస్తే మాత్రం పొద్దున పిలిచి మాట్లాడతాననకు, ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీ చేయకు. వెంటనే 112కి చేయించు, 181 మహిళల హెల్ప్‌లైన్ నంబర్ చెప్పు, వీలైతే నువ్వే వెళ్ళు. ఆన్‌లైన్‌లో డబ్బు పోయిందంటే 1930, అదీ ఆలస్యం చేయకుండా.

నీ లిస్టులో పెద్ద ఖర్చు ఉన్నవాటికి కౌన్సిల్ తీర్మానం కావాలి. మీటింగ్ తేదీ తెలియగానే ఫోన్ చెయ్యి, మున్సిపల్ కమిషనర్ గారు పక్కన పెట్టకుండా అది ఎలా రాయాలో చెప్తాను.