అందరితో నవ్వుతాను, ఇంటికొస్తే మెడనొప్పి

ప్రశ్న: నా వయసు 36. పెళ్లయ్యాక రాజమండ్రి నుంచి విశాఖ వచ్చి మధురవాడలో ఉంటున్నాం. ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో కలిపి నలుగురు స్నేహితురాళ్లున్నారు. కలిసినప్పుడల్లా బాగానే నవ్వుతాను, ఇంటికొచ్చేసరికి మెడ పట్టేసి తలనొప్పి. ఒకామె వాళ్ల నాన్నగారు పోయాక నా దగ్గర ఏడుస్తుంటే ఏవో సలహాలు చెప్పాను, అప్పట్నుంచి తను దూరంగా ఉంటోంది. యోగా క్లాసులో ఒంటిని గమనించమంటారు, అక్కడ ప్రశాంతంగానే ఉంటుంది. నలుగురిలో ఎందుకు ఉండదు?

జవాబు: మీరు రాసినదాంట్లో అసలు సంగతి ఆ మెడనొప్పి దగ్గరే ఉందనిపిస్తోంది. అందరికీ నచ్చాలి, మాట ఆగకూడదు అని మనసు పరుగెడుతుంటే భుజాలు పైకి లేస్తాయి, పళ్లు బిగుసుకుంటాయి, ఊపిరి పైపైనే ఆడుతుంది, గంటసేపు అలా కూర్చుంటే మెడ పట్టేయక ఏమవుతుంది? క్లాసులో కళ్లు మూసుకుంటే మిమ్మల్ని చూసేవాళ్లు ఉండరు కాబట్టి తేలిక. అక్కడ నేర్చుకున్నది ఇంకా మనుషుల మధ్యకు తీసుకురాలేదు, అంతే.

ఈసారి కలిసినప్పుడు పాదాలు నేలకు ఆనాయా, దవడ వదులుగా ఉందా చూసుకోండి. ఊపిరి తీసుకున్నదానికన్నా ఎక్కువసేపు వదలండి. వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, మెదడు నుంచి గుండెకూ పొట్టకూ వెళ్లే వేగస్ నరం చేసే పని అది. కళ్లు మూయక్కర్లేదు, పక్కవాళ్లకు తెలియదు కూడా. ఫోన్ మాత్రం బ్యాగులో పెట్టేయండి.

ఇక ఆ స్నేహితురాలి సంగతి. ఎదుటి మనిషి ఏడుస్తుంటే మన గుండెల్లో కూడా ఏదో బిగుసుకుంటుంది, అది తట్టుకోలేక ‘ధైర్యంగా ఉండు, అమ్మను చూసుకో’ అని గబగబా చెప్పేస్తాం. చెప్పాక మనకు తేలికవుతుంది, ఆమె బరువు ఆమె దగ్గరే ఉండిపోతుంది. మెసేజ్ పెట్టకండి, ఫోన్ చేసి, ‘ఆ రోజు ఏం చేయాలో తెలియక ఏదేదో మాట్లాడేశాను, నాన్నగారి గురించి నువ్వు చెబితే వినాలని ఉంది’ అనండి. హోటల్‌కి కాదు, పొద్దున్నే ఆర్కే బీచ్‌కి రమ్మనండి, తెల్లవారుజామున అక్కడి రోడ్డు మీదికి బండ్లను రానివ్వరు కదా. పక్కపక్కన నడిచేటప్పుడు ముఖాముఖి చూసుకోవాల్సిన పని లేదు, మాట్లాడకపోయినా ఇబ్బందిగా ఉండదు, కాసేపటికి అడుగులు వాటంతటవే కలుస్తాయి. ఆమె ఏడిస్తే మీ ఊపిరి గమనించుకుంటూ ఉండండి, చేయి పట్టుకోవాలనిపిస్తే పట్టుకోండి.

సింహాచలం గిరిప్రదక్షిణ చేసినవాళ్లను అడిగి చూడండి. ఆషాఢ పౌర్ణమికి ముందు కొండ కింద తొలిమెట్టు, అదే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పూఘర్, మాధవధార మీదుగా కొండచుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. సగం దారి దాటేసరికి కబుర్లన్నీ అయిపోతాయి, ఒకరికి కాళ్లు బొబ్బలెక్కితే ఇంకొకరు ఆగుతారు. అలా కలిసి నడిచినవాళ్ల మధ్య పుట్టే చనువు నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది, వచ్చే ఏడాది మీరిద్దరూ వెళ్తే సంతోషిస్తాను.

నలుగురితోనూ ఇంత దగ్గరితనం కావాలనుకోకండి. బాగా దగ్గరి స్నేహానికి దాదాపు 200 గంటలు కలిసి గడపాలని అమెరికాలోని కాన్సాస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జెఫ్రీ హాల్ 2018లో అంచనా వేశారు. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ అంత సమయం ఒకరిద్దరికే ఇవ్వగలం. ఎవరితో ఉన్నప్పుడు మీ భుజాలు కిందికి దిగుతున్నాయో గమనించండి. ఒక్కసారి చూసి తేల్చేయకండి, మన మంచి కోరి నిజం చెప్పే మనిషి దగ్గర కూడా మొదట్లో టెన్షన్ ఉంటుంది.

మెడనొప్పి, తలనొప్పి ఎవర్నీ కలవని రోజుల్లో కూడా వస్తుంటే డాక్టర్‌కి చూపించుకోండి. నిద్ర పట్టకపోయినా, దిగులు వదలకపోయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఆ స్నేహితురాలికి ఫోన్ చేయడం మాత్రం వాయిదా వేయకండి, ఈ ఆదివారం లోపే చేసేయండి.