నాన్నగారి సీడీలు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే టిక్ టిక్ శబ్దాలు వస్తున్నాయి, కొన్ని మధ్యలో ఆగిపోతున్నాయి. ఏ సాఫ్ట్‌వేర్ వాడితే మంచిది?

మీరు రాసింది చదువుతుంటే మా ఇంటి సంగతే చదివినట్టుంది. మీ నాన్నగారివి 200 సీడీలు, సగం డబ్బు పెట్టి కొన్నవి, సగం ఇంట్లోనో అంగట్లోనో రైట్ చేయించినవి. ముందు ఆ కొన్న సీడీలు ఎక్కిస్తున్నానన్నారు. కొన్నింట్లో టిక్ టిక్ శబ్దం, కొన్ని ఎనిమిదో పాట దగ్గర ఆగిపోవడం, పాటల పేర్లు ఇంకేవో రావడం. మాది తిరుపతి, కొర్లగుంట. మా నాయన పోయాక ఆయన బీరువాలో 160 సీడీలు దొరికాయి. అవన్నీ ఎక్కించడానికి నాకు ఏడు నెలలు పట్టింది.

సాఫ్ట్‌వేర్ మార్చినంత మాత్రాన పని జరగదు. జబ్బు సీడీలోనో డ్రైవ్‌లోనో ఉంటుంది. అంతకంటే ముఖ్యం, మీరు మొదలుపెట్టిన వరసే తప్పు. కొన్న సీడీలన్నీ ఇవాళే పక్కన పెట్టేయండి. రైట్ చేయించినవి ముందు ఎక్కించండి.

కొన్న సీడీ అచ్చు వేసింది. అందులో పాట గుంతల రూపంలో ప్లాస్టిక్‌లోనే ఉంటుంది. మీ నాన్నగారు కొన్న దేవస్థానం వారి అన్నమయ్య సంకీర్తనల సీడీ మీ దగ్గర పాడైనా, ఈ చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఇంకో ఇంటి బీరువాలో తప్పకుండా ఉంటుంది. రైట్ చేసిన సీడీ అలా కాదు. అందులో పాటను పట్టుకుని ఉండేది ఒక రంగు పొర. ఎండకు, వేడికి ఆ రంగు చెడిపోతుంది. మన ఎండల సంగతి మీకు తెలిసిందే. మే నెలలో మిద్దె మీది గదిలో ఇనుప బీరువాను చేత్తో ముట్టుకోలేం. దాంట్లోనే కదా మన ఇళ్లలో ఇవన్నీ పెట్టేది.

ఇది నాకు తెలిసింది మా అవ్వ సీడీ వల్ల. అవ్వ గొబ్బి పాటలు బాగా పాడేది. ధనుర్మాసంలో తెల్లవారుజామునే ముగ్గు మధ్య గొబ్బెమ్మలు పెట్టి, వీధిలో ఆడవాళ్లందరితో కలిసి చప్పట్లు కొడుతూ చుట్టూ తిరుగుతూ పాడేది. 1994లో నాయన గడప మీద టేప్‌రికార్డర్ పెట్టి ఆ పాటలు పట్టాడు. క్యాసెట్ సాగిపోతోందని 2005లో ఒక అంగట్లో దాన్ని సీడీ చేయించాడు. తెల్ల కాగితం గుండ్రంగా కత్తిరించి, జిగురు పూసి పైన అతికించి, నీలి ఇంకుతో ‘అమ్మ గొబ్బి పాటలు - 10’ అని రాశాడు. అంత ప్రేమగా అతికించిన ఆ కాగితమే ప్రాణం మీదికి తెచ్చింది.

ఏడు పాటలు చక్కగా వచ్చాయి. ఎనిమిదో పాటలో టిక్కులు మొదలయ్యాయి. తొమ్మిదోది సగంలో ఉండగా డ్రైవ్ గిర్రున తిరిగి, టక్కున ఆగి, మళ్లీ తిరిగి, ఇక కదల్లేదు. సీడీ తీసి ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టుకుంటే అంచు పక్కన కాగితం పొక్కులా ఉబ్బి ఉంది. ఆ పొక్కు కింద సూదిమొనంత వెలుతురు చుక్కలు మూడు కనిపించాయి.

మీ సీడీలు కూడా ఎనిమిదో పాట దగ్గరే ఎందుకు ఆగుతున్నాయో ఇక్కడే తెలుస్తుంది. గ్రామఫోన్ రికార్డు అంచు నుంచి లోపలికి పాడుతుంది. సీడీ నడిమి నుంచి అంచుకు పాడుతుంది. అంటే ఆఖరి పాటలు అంచు దగ్గర ఉంటాయి. మనం వేళ్లతో పట్టుకునేది అక్కడే, కాగితం లేచేది అక్కడే, పెట్టెలో ఒరుసుకునేదీ అక్కడే.

కాగితం పీకేద్దామని గోరు పెట్టాను. నా అదృష్టం, అది రాలేదు. మీరు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పీకకండి. అందరూ మెరిసే వైపు గీతలు చూసి భయపడతారు కానీ, అటు వైపు ఒక మిల్లీమీటరుకు పైగా మందం ప్లాస్టిక్ కాపలా ఉంది. సున్నితమైనది పేరు రాసే వైపు. అక్కడ పల్చటి లక్క పూత కిందే వెండిలా మెరిసే పొర ఉంటుంది. కాగితం లాగితే ఆ పొర కూడా ఊడి వస్తుంది, దాంతో పాటు పాట పోతుంది. మెరిసే వైపు రెండు మిల్లీమీటర్ల గీత పడినా డ్రైవ్ తనంతట తనే సర్దుకుంటుంది, ఎందుకంటే పాట సమాచారాన్ని ఒకేచోట కాకుండా చెదరగొట్టి రాసి ఉంటారు.

తుడిచేటప్పుడు పాత నూలు బట్టను మంచినీళ్లలో తడిపి, నడిమి నుంచి అంచుకు నేరుగా తుడవండి. గుండ్రంగా తిప్పితే పడే గీత పాట వెంబడే పోతుంది, దాన్ని సర్దుకోవడం డ్రైవ్‌కు చాలా కష్టం. పళ్ల పేస్టు రుద్దమని సలహా ఇచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మా పక్కింటాయన అలా రెండు వైపులా రుద్ది, వాళ్ల అమ్మాయి అరంగేట్రం సీడీని పూర్తిగా పోగొట్టుకున్నాడు. ఆ పాప ఇప్పుడు వేరే దేశంలో ఉంది, ఆ పాట మళ్లీ రాదు.

తుడిచాక వేగం తగ్గించాను. కాగితం అతికించిన సీడీ ఒక పక్క బరువెక్కి, జోరుగా తిరిగితే ఊగుతుంది. నాలుగు రెట్ల వేగానికి దించితే ఎనిమిదో పాట దక్కింది. తొమ్మిది, పది మాత్రం రాలేదు. అప్పుడు సీడీని తువ్వాలులో చుట్టుకుని తిలక్ రోడ్డు వైపు కంప్యూటర్లు బాగుచేసే ఒక అంగడికి పోయాను. అక్కడి కుర్రాడు గోనెసంచిలోంచి పాత డెస్క్‌టాప్ డ్రైవులు తీసి ఒక్కొక్కటే తగిలించాడు. మొదటిది సీడీనే గుర్తించలేదు. రెండోది మా ఇంట్లో ఆగిన చోటే ఆగింది. మూడోది నిదానంగా చదవడం మొదలుపెట్టింది. రెండు పాటలకు యాభై నిమిషాలు పట్టింది. ఆ యాభై నిమిషాలు నాకున్న టెన్షన్ ఏ పరీక్ష ముందూ లేదు. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకో డ్రైవ్ చదువుతుంది, ఇది నేను కళ్లారా చూశాను. కాబట్టి ఆగిపోయిన సీడీని పారేయకండి, డ్రైవ్ మార్చి చూడండి.

పదో పాటలో మాకు ఎవరికీ తెలియని ఒక చరణం ఉంది. చంద్రగిరిలో ఉండే మా మేనత్తకు ఆ పాట నాలుగు చరణాల వరకే వచ్చు. ఐదోది అవ్వతోనే పోయిందనుకున్నాం. అందులో మా ఊరి చెరువు పేరు ఉంటుందని అత్త ఎప్పుడూ అంటుండేది. ఉంది. ఫోన్‌లో వినిపిస్తే అత్త చాలాసేపు మాట్లాడలేదు.

ఇక మీరు అడిగిన మిగతావి. మీది లాప్‌టాప్‌కు యూఎస్‌బీతో తగిలించే పల్చటి డ్రైవ్ అన్నారు. అది కంప్యూటర్ తెర మీద మధ్యలో మాయమై మళ్లీ ప్రత్యక్షమవుతుంటే తప్పు సీడీది కాదు, చాలావరకు కరెంటు చాలకపోవడమే. పాత యూఎస్‌బీ రంధ్రం 500 మిల్లీయాంపులే ఇస్తుంది, కొత్త నీలం రంధ్రం 900 ఇస్తుంది. నేరుగా నీలం దాంట్లో పెట్టండి, మధ్యలో హబ్ వద్దు. లాప్‌టాప్‌లలో డ్రైవ్ తీసేసి మనకు ఈ తిప్పలు తెచ్చారు. ఇళ్లలో ఇన్ని సీడీలున్నాయని ఒక్కరైనా ఆలోచించారా?

టిక్కులకు కారణం ఇంకొకటి కూడా ఉంది. పాటల సీడీలో చదవలేని చిన్న ముక్క వస్తే చాలాసార్లు డ్రైవ్ ఆగదు, అటూ ఇటూ చూసి ఊహించి నింపేస్తుంది. మామూలు ప్లేయర్‌తో ఎక్కిస్తే ఆ విషయం మీకు తెలియనే తెలియదు. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. దాన్ని సెక్యూర్ మోడ్‌లో పెడితే ప్రతి ముక్కనూ రెండుసార్లు చదివి సరిపోల్చుకుంటుంది. మీ ఫలితాన్ని అదే సీడీ నుంచి మిగతావాళ్లు తీసిన ఫలితంతో కూడా ఇంటర్నెట్‌లో పోలుస్తుంది. ఇంట్లో రైట్ చేసిన సీడీకి ‘జాబితాలో లేదు’ అని వస్తుంది, కంగారు పడకండి, అవ్వ పాట ఇంకెవరి దగ్గర ఉంటుంది? టెస్ట్ అండ్ కాపీ నొక్కి, రెండుసార్లూ వచ్చిన సీఆర్‌సీ (సరిచూసుకునే గుర్తు) ఒకటేనా అని చూసుకోండి.

పేర్ల సంగతి. మామూలుగా సీడీలో పాటల పేర్లు ఉండవు. కంప్యూటర్ ఎన్ని పాటలు, ఒక్కోటి ఎంత పొడవు అని లెక్కగట్టి ఇంటర్నెట్‌లో అడుగుతుంది. అదే లెక్క ఉన్న వేరే సీడీ అక్కడ ఉంటే ఆ పేర్లు మీకు వస్తాయి. నేనైతే అన్నీ చేత్తో, తెలుగులో టైప్ చేశాను. అన్నమాచార్య అన్న ఒక్క పేరును ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాసి పెట్టారు, వెతికితే ఏ ఒక్కటీ దొరకదు. మన పాటలకు మన లిపిలో పేరు పెట్టుకోవడానికి ఏమి అడ్డం?

ఎంపీ3 వద్దు, ఫ్లాక్‌లో (పాటలో ఏదీ పోకుండా కుదించే ఫైలు రకం) పెట్టండి. ఒక సీడీకి 300 నుంచి 350 ఎంబీ పడుతుంది, మీ 200 సీడీలూ 70 జీబీలో సరిపోతాయి. కచేరీ సీడీల్లో ఆలాపన ఒక ట్రాక్, కీర్తన ఇంకో ట్రాక్ అయి ఉంటే ఎంపీ3లో రెంటి నడుమ ఊపిరి ఆగినట్టు చిన్న ఖాళీ పడే అవకాశముంది. ఫ్లాక్‌లో పడదు.

టిక్కులు తీసేసే ప్రోగ్రామ్‌లు కూడా వాడకండి. అవ్వ పాటల మీద ఒకటి ప్రయోగించి చూశాను. టిక్కులతో పాటు ఆడవాళ్ల చప్పట్లు కూడా పోయాయి, వాకిలి ఖాళీ అయిపోయినట్టు వినిపించింది. వెంటనే చెరిపేసి అసలుదే ఉంచాను. ఐదో చరణంలో చెరువు పేరు తరవాత ఒక టిక్కు ఇప్పటికీ ఉంది. అత్త ఆ చరణాన్ని నోటుపుస్తకంలో రాసుకుని, పోయిన సంక్రాంతికి చంద్రగిరిలో వాళ్ల వాకిట్లో పిల్లల చేత పాడించింది.